వంటగదిలో పని ఆగితే కథ ఆగుతుందా? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

షికాగో నగరంలోని ఒక రెస్టారెంటు వంటగది చుట్టూ నడిచే 'ద బేర్' అనే అమెరికన్ సీరియల్ నాలుగో సీజన్ 2025 జూన్ 25న విడుదలైన నాటి నుండి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల పాఠకులు దాని గురించి మాకు వ్రాస్తూనే ఉన్నారు. ఉత్తరాలలో మెప్పు ఉంది, విసుగు ఉంది, ఒకే ఇంట్లో ఇద్దరి మధ్య జరిగిన వాదానికి మమ్మల్ని తీర్పరులుగా పిలిచిన సందర్భం కూడా ఉంది. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానం చెబుతున్నాము. కథలోని మలుపులను దాచకుండా చర్చించవలసి వచ్చింది కనుక, సీరియల్‌ను ఇంకా చూడనివారు ఈ పుటలను చూసిన తరువాత చదువుకోవడం మంచిది.

ప్రశ్న: మొదటి రెండు సీజన్లను నేనూ మా హాస్టల్ మిత్రులూ నిద్ర మానుకుని చూశాము. మూడో సీజన్‌లో కథ కదలలేదు. నాలుగోది కొంత నయమని నేనంటే, అది మరీ నీరసమని కొందరు, ఇంత మంచి సీజన్ ఇంతవరకు రాలేదని మరికొందరు అంటున్నారు. ఒకే కథను చూసినవారికి ఇంత తేడా ఎందుకు వస్తుంది?
– ఒక పి.జి. విద్యార్థి, రాయగడ

జవాబు: మీరందరూ చూసినది ఒకే సీరియల్ అయినా, దానిని చూడడానికి కూర్చున్న కారణాలు వేరు. 2022 జూన్‌లో మొదటి సీజన్ వచ్చినప్పుడు ప్రేక్షకులను పట్టుకున్నది వంటగది వేగం. పేరున్న రెస్టారెంట్లలో పనిచేసి వచ్చిన కార్మీ అనే యువకుడు, అన్న మైకీ ఆత్మహత్య చేసుకున్న తరువాత అతడు వదిలిపోయిన సాండ్‌విచ్ దుకాణాన్ని నడపడానికి ఇంటికి తిరిగివస్తాడు. అప్పులు, పాతబడిన పొయ్యిలు, మాట వినని సిబ్బంది అతనికి స్వాగతం చెబుతాయి. ఏడో ఎపిసోడ్‌లో ముందస్తు ఆర్డర్లు తీసుకునే యంత్రాన్ని పొరపాటున తెరిచి ఉంచడం వలన కాగితాలు ఆగకుండా వచ్చిపడుతుంటే, దాదాపు ఇరవై నిమిషాల గందరగోళాన్ని కెమెరా ఎక్కడా కోత లేకుండా చూపింది. అది చూసిన వారిలో చాలామంది ఆ తరువాత ప్రతి సీజన్ నుండి అటువంటి ఉద్రేకాన్నే ఆశించారు. ఇంకొక వర్గం ప్రేక్షకులకు మాత్రం మైకీ లేని లోటు, ఆ కుటుంబంలోని పాత గాయాలు, ఒకరినొకరు క్షమించుకోలేని మనుషులు ముఖ్యమయ్యారు.

రెండో సీజన్ వరకు ఈ రెండు వర్గాలకూ పేచీ లేదు, ఎందుకంటే అంతవరకు రచయితలు మనుషులు చెప్పుకోలేని మాటలను వారు చేసే పని చేత చెప్పించారు. 'ఫోర్క్స్' అనే ఎపిసోడ్‌ను గుర్తు చేసుకోండి. నోటి దురుసు తప్ప మరో నైపుణ్యం లేదనిపించిన రిచీని, అంటే మైకీ ప్రాణస్నేహితుడిని, ఒక ఖరీదైన రెస్టారెంటుకు పని నేర్చుకోవడానికి పంపిస్తారు. అక్కడ అతనికి అప్పగించిన పని ముళ్ళగరిటెలు తుడవడం. మొదట్లో అవమానంగా తోచిన ఆ పనిలోంచే అతనికి ఎదుటివారి పట్ల శ్రద్ధ అంటే ఏమిటో తెలిసివస్తుంది. చివరిలో ఆ రెస్టారెంటు యజమానురాలితో అతడు జరిపే సంభాషణ కూడా ఇద్దరూ పుట్టగొడుగులు ఒలుస్తుండగానే జరుగుతుంది. చేతిలో పని ఉన్నందువల్ల ఆ మాటలు ఉపన్యాసంలా వినిపించలేదు.

2024 జూన్‌లో వచ్చిన మూడో సీజన్‌లో ఈ ముడి వదులైంది. పాత సాండ్‌విచ్ దుకాణం స్థానంలో ఖరీదైన రెస్టారెంటు తెరుచుకుంది, జనం వస్తున్నారు, కార్మీ రోజుకొక మెనూ మారుస్తున్నాడు. అయితే ఆ పని వలన ఎవరి జీవితం ఏ దిక్కుకు తిరుగుతున్నదో పది ఎపిసోడ్లలో అరుదుగా మాత్రమే కనిపించింది. కార్మీ, రిచీ మొదటి రోజు పెట్టుకున్న తగువు అలాగే ఉండిపోయింది. వంటగదిలో కార్మీకి కుడిభుజమైన సిడ్నీ భాగస్వామ్య ఒప్పందంపై సంతకం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తూనే ఉండిపోయింది. రెస్టారెంటు చుట్టూ తిరిగే ఫాక్ సోదరుల హాస్యానికి మాత్రం కావలసినంత సమయం దొరికింది (మల్లయోధుడు జాన్ సీనా అందులో ఒక సోదరుడిగా వచ్చి వెళ్ళడం ఎవరికి ఉపయోగపడిందో మాకు అర్థం కాలేదు). చివరికి 'ఇంకా ఉంది' అన్న మాటతో సీజన్ ముగిసింది. పది ఎపిసోడ్లు చూసిన తరువాత ఆ మాట కనిపిస్తే ఎవరికైనా చిరాకు కలగడం సహజమే.

నాలుగో సీజన్ ఆ లోపాన్ని సగం సరిదిద్దింది. రెస్టారెంటుకు డబ్బు పెట్టిన జిమ్మీ మామ తన పెట్టుబడి ఆపే గడువును గుర్తు చేస్తూ వంటగది గోడ మీద 1,440 గంటల గడియారం వెలిసింది, అంటే అరవై రోజులు. పనికి మళ్ళీ తొందర వచ్చింది. అయితే మనుషుల మధ్య పేరుకున్న చిక్కులను మాత్రం రచయితలు ఎక్కువగా పని ఆపించి, ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, క్షమాపణలు చెప్పించి విప్పారు. గడియారం కోసం చూసినవారికి ఆ సంభాషణలు అడ్డుగా తోచాయి, సంభాషణల కోసం ఎదురుచూసినవారికి అవే ఈ సీజన్ ప్రాణంగా తోచాయి. మీ హాస్టల్‌లో జరుగుతున్న వాదానికి మూలం ఇదే. మా వరకు చెప్పాలంటే, మూడో సీజన్ కంటే నాలుగోది మెరుగన్న మీ మాటతో ఏకీభవిస్తున్నాము, రెండో సీజన్ స్థాయికి అది చేరలేదన్నది మాత్రం మా అభిప్రాయం.

ప్రశ్న: ఈ కాలపు ప్రేక్షకులకు ఓపిక లేకపోవడమే అసలు సమస్య అని నా నమ్మకం. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ వంటి అందమైన పనిని నేను టెలివిజన్‌లో చూడలేదు. దాదాపు మాటలు లేకుండా ఒక మనిషి గతాన్నంతా చూపించారు. దానిని నీరసం అన్నవారిని ఏమనాలి?
– విశ్రాంత ఉపాధ్యాయులు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, ఆ ఎపిసోడ్ విషయంలో మీ పక్షమే మా పక్షం. కార్మీ పనిచేసిన వంటగదులు, అతనికి పని నేర్పినవారు, అతనిని అవమానించిన పెద్ద వంటవాడు, అన్న చనిపోయిన వార్త, ఇవన్నీ వరుస తప్పి, జ్ఞాపకం వచ్చినట్లుగా వచ్చి వెళతాయి. డేనియల్ బూలూ, థామస్ కెల్లర్, రెనే రెడ్జెపీ వంటి నిజజీవితపు ప్రసిద్ధ షెఫ్‌లు ఆ సీజన్‌లో తమ పేర్లతోనే కనిపించారు. ఆ దృశ్యాలలో సంభాషణ లేకపోయినా, కోయడం, వడకట్టడం, పళ్ళెంలో అమర్చడం అనే పనులే ఆ యువకుడు ఏ విధంగా తయారయ్యాడో, ఏ విధంగా దెబ్బతిన్నాడో చెప్పాయి. కనుక నెమ్మదిగా సాగడం తప్పు అని మేము అనము.

అయితే ఓపిక లేకపోవడమే సమస్య అన్న మీ తీర్పును అంగీకరించలేము. అదే సీజన్‌లోని 'న్యాప్‌కిన్స్' ఎపిసోడ్‌ను దాదాపు అందరూ మెచ్చుకున్నారు, అది కూడా నెమ్మదిగానే నడుస్తుంది. ఇప్పుడు కార్మీ వంటగదిలో పనిచేసే టీనా గతం అది. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న ఉద్యోగం పోయిన ఆమె, మధ్యవయసులో కొత్త పని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, అలసిపోయి ఒక సాండ్‌విచ్ దుకాణంలోకి వచ్చి కూర్చుంటుంది. అక్కడ మైకీ ఆమెకు ఎదురవుతాడు. సిడ్నీ పాత్రధారిణి అయో ఎడెబిరి దర్శకత్వం వహించిన ఆ ఎపిసోడ్‌లో తుపాకి పేలదు, పొయ్యి అంటుకోదు. అయినా ప్రేక్షకులు కదలకుండా చూశారు, ఎందుకంటే ఆమెకు పని దొరుకుతుందా లేదా అన్న ప్రశ్న ప్రతి నిమిషంలోనూ ఉంది. ఆ ప్రశ్న లేని చోట, అంటే కార్మీ అదే బాధను అదే ముఖంతో మోస్తూ ఏడెనిమిది ఎపిసోడ్ల పాటు తిరిగిన చోట, చూసేవారు అలసిపోయారు. దానికి వారిని నిందించడం న్యాయం కాదు. మన భాషలోని డైలీ సీరియళ్ళను ఏళ్ళ తరబడి ఓపికగా చూసే ప్రేక్షకులకు, నాలుగు సీజన్లు కలిపినా 38 ఎపిసోడ్లు మాత్రమే ఉన్న కథను చూడడానికి ఓపిక లేదనడం కూడా అంత సబబు కాదేమో, ఆలోచించండి.

ప్రశ్న: పాత బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. మా అబ్బాయి బలవంతం మీద ఈ సీరియల్ చూశాను. మా నాన్నగారి కాలం నుండి మా దగ్గర ఇడ్లీ, బరా, ఉప్మా, దోశ, ఘుగుని, ఇవే. మాస్టరు చేయి కుదిరింది, బేరం కుదిరింది. ఈ కార్మీ అనేవాడు రోజూ మెనూ ఎందుకు మారుస్తాడు? కిటికీ దగ్గర సాండ్‌విచ్‌లు అమ్ముకుంటే అప్పు తీరిపోదా? హోటల్ నడిపినవాడికి ఈ కథ నమ్మశక్యంగా లేదు.
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అయ్యా, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో కథ లోపలికి నేరుగా వెళ్ళిన ప్రశ్న మీది. సినిమా విమర్శకులు చాలామంది పాత్రల మనస్తత్వం గురించి వ్రాశారు కానీ గల్లాపెట్టె వైపు మీరు చూసినట్లు చూసినవారు తక్కువ.

రోజూ మెనూ మార్చడం వలన ఏమవుతుందో మీకు మేము చెప్పనవసరం లేదు, ఇతర పాఠకుల కోసం చెబుతున్నాము. మొదటిది, సరుకును ముందుగా, పెద్ద మొత్తంలో, బేరమాడి కొనే వీలు పోతుంది. రెండోది, నిన్న మిగిలిన సరుకు ఈనాటి వంటకానికి పనికిరాకపోతే అది చెత్తబుట్టకు వెళుతుంది. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, వంటవారి చేయి ఏ వంటకం మీదా కుదరదు. ఒకే వంటకాన్ని వందలసార్లు చేసినప్పుడే చూడకుండా ఉప్పు వేయడం, గడియారం లేకుండా సమయం తెలియడం అలవడతాయి. వడ్డించేవారు కూడా ఏ పళ్ళెంలో ఏమున్నదో ప్రతి సాయంత్రం కొత్తగా బట్టీపట్టాలి. సరుకు ఖర్చు అమ్మకంలో మూడో వంతు దాటకూడదని హోటల్ రంగంలో సాధారణంగా అనుకునే లెక్క. ఒక్క వెన్న కోసమే వేల డాలర్లు ఖర్చు పెట్టినందుకు జిమ్మీ మామ కేకలు వేసే దృశ్యం మూడో సీజన్‌లో నవ్వు పుట్టించడానికి పెట్టినదే అయినా, లెక్క తెలిసినవారికి అది భయం పుట్టించే దృశ్యం.

కార్మీ ఎందుకు మారుస్తాడంటే, అతనికి కావలసినది లాభం కాదు. మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ సంస్థ ఇచ్చే నక్షత్రం కావాలి, తనను ఒకప్పుడు అవమానించిన పెద్ద వంటవాడి గొంతు తన తలలో నుండి పోవాలి. మెనూ మార్చిన ప్రతిసారీ తాను ఇంకా పరుగెత్తుతున్నానన్న భ్రమ అతనికి కలుగుతుంది. మనిషిగా అతనిని అర్థం చేసుకోవచ్చు, యజమానిగా అతనిని సమర్థించడం కష్టం. సీరియల్ కూడా అతనిని సమర్థించలేదన్నది గమనించండి. మూడో సీజన్ చివరిలో 'షికాగో ట్రిబ్యూన్' పత్రిక వ్రాసిన సమీక్ష వస్తుంది. అందులో గొప్పగా ఉందన్న మాటలూ ఉంటాయి, గందరగోళంగా, నిలకడ లేకుండా ఉందన్న మాటలూ ఉంటాయి. కథలోని రెస్టారెంటుకు వచ్చిన ఆ మిశ్రమ స్పందనే, సీరియల్‌కూ వచ్చింది. తమకు ఎటువంటి సమీక్షలు రానున్నాయో రచయితలు ముందే ఊహించి వ్రాసుకున్నారా అని అనుమానం కలుగుతుంది.

నాలుగో సీజన్‌లో మీకు నచ్చదగిన భాగం ఒకటి ఉంది. టీనా ఒక పాస్తా వంటకాన్ని మూడు నిమిషాలలో పూర్తిచేసి పళ్ళెంలో పెట్టాలి. ఆమెకు సమయం చాలదు. మళ్ళీ ప్రయత్నిస్తుంది, మళ్ళీ కొన్ని సెకన్లు మించిపోతాయి. ఎపిసోడ్ తరువాత ఎపిసోడ్‌లో ఈ చిన్న పోరాటం సాగి, చివరికి ఆమె సాధిస్తుంది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోని, కన్నీళ్ళు లేని ఆ ఘట్టం, మా దృష్టిలో, ఈ సీజన్‌లోని పెద్ద పెద్ద సంభాషణలన్నింటికంటే బలమైనది. మీ హోటల్‌లో కొత్తగా చేరిన కుర్రవాడు రద్దీ సమయంలో పెనం మీద దోశలు వరుసగా తిప్పడం నేర్చుకున్న రోజును గుర్తు చేసుకుంటే ఆ ఘట్టం మీకు పరాయిదిగా అనిపించదు.

ఇక రెస్టారెంటులో పాత సాండ్‌విచ్‌ల కోసం ఉంచిన కిటికీ సంగతి. అక్కడ అమ్మే 'ఇటాలియన్ బీఫ్' షికాగోకు ప్రత్యేకమైన సాండ్‌విచ్. కాల్చిన గొడ్డు మాంసాన్ని పలుచగా కోసి, దాని రసంలోనే నానబెట్టి, రొట్టెలో పెట్టి, ఊరబెట్టిన కూరగాయలతో ఇస్తారు. ఆ నగరంలోని ఓర్లీన్స్ వీధిలో 'మిస్టర్ బీఫ్' అనే నిజమైన దుకాణమే ఈ కథకు ప్రేరణ. సీరియల్‌లో ఆ కిటికీని చూసుకునే ఎబ్రహీం, మీలాగే ఆలోచిస్తాడు. బేరం పెరుగుతున్నది కదా, దీనిని విస్తరించలేమా అని ఒక అనుభవజ్ఞుడి సలహా తీసుకుంటాడు. ఆ సలహాదారు పాత్రను ప్రసిద్ధ దర్శకుడు రాబ్ రైనర్ పోషించారు. వారిద్దరి మధ్య దృశ్యాలు క్లుప్తంగా, హాయిగా ఉన్నాయి. మా ఫిర్యాదు ఏమిటంటే, గడియారం సున్నాకు చేరినప్పుడు ఈ లెక్క ఎటు తేలిందో మనకు చెప్పలేదు. అరవై రోజుల గడువు పెట్టి, చివరి రోజున అప్పు సంగతి తేల్చకుండా ముగించడం, లెక్కలు నమ్మి చూసిన మీవంటివారికి చేసిన అన్యాయం. ఈ ఒక్క విషయంలో కథ నమ్మశక్యంగా లేదన్న మీ మాటకు మా దగ్గర ఎదురు వాదం లేదు.

ప్రశ్న: అందరూ వంటగది గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఆ తల్లి డోనా పాత్రే గుర్తుండిపోయింది. నాలుగో సీజన్‌లో ఆమె కొడుకు దగ్గరకు వచ్చి క్షమాపణ అడిగినప్పుడు ఏడ్చాను. దానిని 'సాగదీత' అని మా వారు అన్నారు. నా కన్నీళ్ళు వృథా అంటారా?
– ఒక గృహిణి, జయపురం

జవాబు: వృథా కాదమ్మా. జేమీ లీ కర్టిస్ పోషించిన డోనా, ఈ సీరియల్ మొత్తం మీద అందరికంటే కష్టమైన పాత్ర. రెండో సీజన్‌లోని 'ఫిషెస్' అనే గంటకు పైగా సాగే ఎపిసోడ్‌లో ఆమె క్రిస్మస్ ముందురోజు రాత్రి ఏడు రకాల చేపల విందును ఒంటిచేత్తో వండుతుంది. తాగుతుంది, అరుస్తుంది, తనను ఎవరూ పట్టించుకోరని ఏడుస్తుంది, చివరికి కారును ఇంటి గోడలోకి నడిపిస్తుంది. ఆ పాత్రకు 2024లో కర్టిస్‌కు అతిథి నటిగా, అమెరికా టెలివిజన్ రంగంలో పేరున్న ఎమ్మీ బహుమతి వచ్చింది. ఎవరూ అడగకపోయినా ఇంటిల్లిపాదికీ వండి, ఆ వంటనే నేరారోపణగా మార్చే తల్లులను మన ఇళ్ళలో చూడలేదని చెప్పగలమా? మూడో సీజన్‌లో కూతురు నాటలీ ప్రసవ వేదన పడుతున్నప్పుడు ఆసుపత్రిలో పక్కన నిలిచే 'ఐస్ చిప్స్' ఎపిసోడ్‌లో మొదటిసారి ఆమె మరో రూపం కనిపించింది. అక్కడ వంటగది లేదు, అయినా ఇద్దరి ముందూ చేయవలసిన పని ఒకటి ఉంది.

నాలుగో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో మీరు చెప్పిన దృశ్యం వస్తుంది. డోనా తాను వ్రాసుకుని తెచ్చిన మాటలను కార్మీకి చదివి వినిపిస్తుంది. మా విసుగుకు కారణమైన 'కూర్చుని చెప్పుకునే' సంభాషణలలో అది కూడా ఒకటే, అయినా అది మిగతావాటిలాగా తేలిపోలేదు. ఆ తరువాత కార్మీ లేచి తల్లికి వండిపెడతాడు. అంతవరకు తల్లి వంటకు భయపడిన కొడుకు, తాను ప్రపంచమంతా తిరిగి నేర్చుకున్నదానిని మొదటిసారి ఆమె కోసం పొయ్యి మీద పెడతాడు. క్షమించానని అతడు అన్నాడా లేదా అన్నది అప్పుడు ముఖ్యం కాలేదు. మీ వారు ఆ సంభాషణ దగ్గర విసుగు చెందారంటే, అప్పటికే పెళ్ళి విందు ఎపిసోడ్‌లో డెబ్బై నిమిషాల పాటు అందరూ అందరికీ మనసులు విప్పి చెప్పేసుకున్నందువల్ల కావచ్చు. పెద్దలందరూ బల్ల కింద దూరి, ఒక చిన్నపిల్లను ఊరడించడానికి తమ భయాలను ఒక్కొక్కరుగా చెప్పే ఘట్టం కొందరికి ఎంతో నచ్చింది, మాకు మాత్రం ఉప్పు ఎక్కువైనట్లనిపించింది. ఆ విందు తరువాత రెండు ఎపిసోడ్లకే డోనా క్షమాపణ వచ్చింది. ఆమె ఘట్టాన్ని ముందుగా, విడిగా చూసి ఉంటే మీ వారికి కూడా కళ్ళు చెమర్చేవేమో.

ప్రశ్న: ఇంత ఏడుపు ఉన్న సీరియల్‌కు కామెడీ విభాగంలో బహుమతులు ఇస్తారట, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: నిజమే. అమెరికాలో అరగంట నిడివికి దగ్గరగా ఉండే సీరియళ్ళు సాధారణంగా కామెడీ విభాగంలో పోటీకి వెళతాయి. ఆ విభాగంలోనే ఇది మొదటి సీజన్‌కు 10, రెండో సీజన్‌కు 11 ఎమ్మీలు గెలిచింది. 2024లో వచ్చిన ఆ 11 బహుమతులు ఒకే ఏడాదిలో ఒక కామెడీ సీరియల్‌కు అప్పటివరకు వచ్చిన వాటిలో అత్యధికం. మరుసటి ఏడాది హాలీవుడ్ స్టూడియోల మీద తీసిన 'ద స్టూడియో' 13 గెలిచి ఆ రికార్డును దాటింది, 'ద బేర్'కు ప్రధాన నటనా బహుమతులలో గానీ, ఉత్తమ కామెడీగా గానీ ఏదీ దక్కలేదు. 2025 బహుమతులు మూడో సీజన్‌ను లెక్కలోకి తీసుకుని ఇచ్చినవి, నాలుగో సీజన్‌ను కాదు. నవ్వించడానికే పుట్టిన సీరియళ్ళతో దీనిని పోటీకి పెట్టడం వాటికి న్యాయం చేసినట్లు కాదని చాలామంది అన్నారు, మేము కూడా అదే అంటాము.

ప్రశ్న: మా అబ్బాయి ప్లస్ టూ పూర్తిచేశాడు. ఈ సీరియల్ చూసి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటున్నాడు. భయంగా ఉంది.
– ఒక తండ్రి, ఛత్రపురం

జవాబు: భయపడవలసిన చదువు కాదు. భువనేశ్వర్‌లో ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, అటువంటి సంస్థలలో ప్రవేశానికి జాతీయ స్థాయిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. అయితే సీరియల్ చూసి నిర్ణయించుకున్నాడు కనుక, అందులో ఏమి చూశాడో ఒకసారి అడగండి. తెల్లని కోటు, పళ్ళెంలో చుక్కలుగా పెట్టిన సాసు మాత్రమే చూశాడా, లేక కార్మీకి ఊపిరాడకుండా వచ్చే ఆందోళనను, రాత్రి పొద్దుపోయాక నేల మీద మోకాళ్ళూని మరకలు తోమడాన్ని కూడా చూశాడా? ముఖ్య నటుడు జెరెమీ ఆలెన్ వైట్ కూడా ఈ పాత్ర కోసం వంట పాఠశాలకు వెళ్ళి, నిజమైన వంటగదులలో పనిచేసి నేర్చుకున్నాడు. మీ ఊరిలో పెళ్ళిళ్ళకు వంట చేసే మేస్త్రీ దగ్గర రెండు మూడు ముహూర్తాలకు మీ అబ్బాయిని కూరగాయలు తరగడానికి, గుండిగలు దింపడానికి పంపండి. ఆ తరువాత కూడా అదే మాట అంటే దరఖాస్తు నింపవచ్చు.

ప్రశ్న: కార్మీ వెళ్ళిపోతానన్నాడు కదా. ఇక అయిదో సీజన్ ఎందుకు?
– ఒక పాఠకురాలు, కోరాపుట్

జవాబు: అయిదో సీజన్ ఉంటుందని 2025 జులైలోనే ప్రకటించారు. నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ దాదాపు మొత్తం రెస్టారెంటు వెనుక సందులోనే జరుగుతుంది. కార్మీ తాను ఈ పని వదిలేస్తానని, రెస్టారెంటును సిడ్నీకి, మిగతావారికి అప్పగిస్తానని చెబుతాడు. సిడ్నీ కోపంతో మొదలుపెట్టి, చివరికి రిచీని కూడా భాగస్వామిని చేయాలని పట్టుబడుతుంది. ముగ్గురు నటులు ఒకే చోట నిలబడి అరగంటకు పైగా చేసిన ఆ పని గొప్పది. మాటలే ఉన్నా మాకు విసుగు రాలేదు, ఎందుకంటే ఆ మాటలతో ఒక సంస్థ యాజమాన్యం చేతులు మారుతున్నది.

మొదటి సీజన్‌లో ఈ కథ కార్మీ దుఃఖం మీద నడిచింది. అతడు పక్కకు తప్పుకుంటే, ఇంతవరకు అతని నీడలో ఉన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి. తండ్రికి గుండెపోటు వచ్చిన తరువాత కూడా ఇక్కడే ఉండాలని నిర్ణయించుకున్న సిడ్నీ, తన పేరు మీద మెనూ పెట్టినప్పుడు ఎన్ని వంటకాలు ఉంచుతుంది, ఎన్ని తీసివేస్తుంది? రిచీ ఇప్పుడు జీతగాడు కాదు, భాగస్వామి, అప్పుల వాళ్ళతో అతడు ఏ భాషలో మాట్లాడతాడు? ఎబ్రహీం కిటికీ లాభం ఎవరి ఖాతాలో పడుతుంది? బరంపురం పాఠకులు అడిగిన లెక్క కూడా ఇంకా తేలవలసే ఉంది. కొత్త సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లలో ఎవరైనా జిమ్మీ మామ ముందు పద్దు పుస్తకం తెరిస్తే మిగతావి చూడండి, మళ్ళీ అందరూ కూర్చుని గతం గురించే మాట్లాడుకుంటుంటే 'ఫోర్క్స్' ఎపిసోడ్‌ను ఇంకొకసారి చూసుకోండి.